సీతాకోకచిలుకలు, రెక్కల పురుగులు: ఏడాది పొడవునా నమోదు, సస్యరక్షణలో దాని వినియోగం

సీతాకోకచిలుకలు, రెక్కల పురుగులు రెండూ పొలుసు రెక్కల కీటకాల వర్గమైన లెపిడాప్టెరాకు చెందినవి. భారతదేశంలో సుమారు 1,300 జాతుల సీతాకోకచిలుకలు ఉండగా, రెక్కల పురుగుల జాతులు అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. వీటిలో పంటకు నష్టం కలిగించేవి కొద్ది జాతులు మాత్రమే. అయినప్పటికీ పైరుపై ఏ గొంగళి పురుగు కనబడినా మందు పిచికారీ చేయడం పరిపాటిగా మారింది. ఒకే ప్రాంతంలో పన్నెండు నెలలు క్రమం తప్పక చేసిన నమోదు ఏ పురుగు ఎప్పుడు వచ్చునో, ఏది హాని చేయనిదో తెలియజేసి అనవసరపు ఖర్చును నివారిస్తుంది.

నమోదు విధానం

పగటి వేళ తిరిగే సీతాకోకచిలుకల లెక్కింపునకు నిర్ణీత బాట నడక పద్ధతి అనువైనది. ఇంగ్లండులో 1970వ దశకంలో ఎర్నెస్ట్ పోలార్డ్ రూపొందించిన ఈ పద్ధతి 1976 నుండి బ్రిటన్‌లో జాతీయ స్థాయిలో అమలులో ఉన్నది. పొలం గట్టు, కాలువ ఒడ్డు, తోట అంచుల మీదుగా ఒక బాటను నిర్ణయించి, వారానికి ఒకసారి ఎండ ఉన్న పూట ఒకే వేగంతో నడవాలి. బాటకు ఇరువైపులా రెండున్నర మీటర్ల లోపు కనబడిన వాటినే లెక్కించాలి.

రాత్రి తిరిగే రెక్కల పురుగులకు దీపపు ఎరలు, లింగాకర్షక బుట్టలు ఉపయోగపడతాయి. దీపపు ఎరకు ఆడ, మగ రెండూ, అనేక జాతులవి వస్తాయి. లింగాకర్షక బుట్టలో ఉద్దేశించిన జాతికి చెందిన మగ పురుగులు మాత్రమే పడతాయి. దీపాన్ని రాత్రంతా వెలిగించి ఉంచితే మిత్ర పురుగులు కూడా చనిపోతాయి కనుక రాత్రి తొలి భాగానికే పరిమితం చేయాలి.

ప్రతి నమోదులో తేదీ, సమయం, వాన, గాలి, సమీపంలోని పైరు దశ వ్రాయాలి. ఏమీ కనబడని రోజున సున్నా అని వ్రాయడం తప్పనిసరి. ఖాళీగా విడిచిన గడి పురుగు లేదని చెప్పదు. చూడలేదని మాత్రమే చెబుతుంది.

కాలానుగుణ క్రమం

తొలకరి: వేరుశనగ, ఆముదం పండించే మెట్ట ప్రాంతాలలో మొదటి భారీ వర్షం తరువాత ఎర్ర గొంగళి పురుగు యొక్క తల్లి పురుగులు నేలలోని కోశస్థ దశ నుండి ఒక్కసారిగా వెలువడతాయి. ఆ కొద్ది రాత్రులలో గ్రామస్థులందరూ కలిసి దీపపు ఎరలు, మంటలు ఏర్పాటు చేసినచో గుడ్లు పెట్టక మునుపే వాటిని అరికట్టవచ్చు. నమోదు ఆలస్యమైతే ఈ అవకాశం మరుసటి సంవత్సరం వరకు రాదు.

వర్షాకాలం: సీతాకోకచిలుకల సంఖ్య, జాతుల వైవిధ్యం పెరుగుతాయి. జిల్లేడుపై పెరిగే ప్లెయిన్ టైగర్, ఈశ్వరి తీగపై పెరిగే క్రిమ్సన్ రోజ్ పంటకు హాని చేయవు. నిమ్మ సీతాకోకచిలుక గొంగళి పురుగులు మాత్రం నిమ్మ, బత్తాయి లేత ఆకులను తింటాయి. బత్తాయి కాయల రసం పీల్చే రెక్కల పురుగు బాల్య దశ తోటలో కాక కంచెలోని తిప్పతీగ, దూసరితీగలపై గడుస్తుంది. కావున నమోదు తోట హద్దుతో ముగియరాదు.

శీతాకాలం: ప్రత్తిలో గులాబి రంగు పురుగు బుట్టలను నిత్యం పరిశీలించాలి. ఒక్కొక్క బుట్టలో రోజుకు 8 చొప్పున వరుసగా 3 రోజులు పడినట్లయితే ఆర్థిక నష్ట పరిమితి దాటినట్లు భావించాలి. పంటకాలాన్ని పొడిగించిన చేలలో ఈ పురుగు తరువాతి పంటకు కొనసాగుతుంది. రబీ వరిలో రెక్కపై నల్లని చుక్క గల పసుపు రంగు ఆడ రెక్కల పురుగు కాండం తొలుచు పురుగు ఉనికికి సూచన. నారు కొనలపై గుడ్ల సముదాయాలు కనబడినచో నాటే ముందు కొనలను త్రుంచివేయాలి.

వేసవి: సంఖ్య తగ్గినా నమోదు ఆపరాదు. ఏ జాతులు ఏ చెట్లు, కాలువ ఒడ్డులను ఆశ్రయించి నిలుస్తాయో ఈ నెలలలోనే తెలుస్తుంది.

విశ్లేషణలో జాగ్రత్తలు

వెన్నెల రాత్రులలో దీపపు ఎరకు వచ్చే పురుగుల సంఖ్య తగ్గుతుంది. అందువలన పౌర్ణమి నాటి సంఖ్యను అమావాస్య నాటి సంఖ్యతో పోల్చి పురుగు తగ్గినదని నిర్ణయించరాదు.

వరి ఆకులను తినే మెలానిటిస్ లెడా అను సీతాకోకచిలుక వర్షాకాలంలో రెక్కల అడుగున కంటి వంటి మచ్చలతోను, ఎండాకాలంలో ఆ మచ్చలు మసకబారి ఎండుటాకు రూపంలోను ఉంటుంది. దీనిని రెండు జాతులుగా లెక్కించే ప్రమాదమున్నది. అట్లే సీతాకోకచిలుకలన్నీ నిరపాయకరమైనవి కావు: దానిమ్మ కాయ తొలుచు పురుగు సీతాకోకచిలుక సంతతియే.

బుట్టలో పడిన సంఖ్య హెచ్చరిక మాత్రమే. పిచికారీ నిర్ణయానికి ముందు పైరులో గుడ్లు, లార్వాలు, దెబ్బతిన్న మొక్కల శాతం చూడాలి. గుడ్లపై పరాన్నజీవియైన ట్రైకోగ్రామాను సకాలంలో విడుదల చేయడానికి మాత్రం తల్లి పురుగులు కనబడిన తేదీయే ఆధారం.

ముగింపు

2018లో కర్ణాటకలోని శివమొగ్గ ప్రాంతంలో మొక్కజొన్నపై కత్తెర పురుగును దేశంలో మొదటిసారి గుర్తించారు. అదే సంవత్సరం అది తెలుగు రాష్ట్రాలకు వ్యాపించినది. స్థానికంగా ఉండవలసిన జాతులు ఏవో తెలిసిన చోటనే కొత్తగా వచ్చినది వెంటనే కంటబడుతుంది. మొదటి ఏడాది నమోదు ఆ ప్రాంతానికి ప్రాతిపదిక మాత్రమే. పెరుగుదల, తరుగుదలలను నిర్ధారించడానికి అదే బాటలో, అదే పద్ధతిలో తరువాతి సంవత్సరాలలోను కొనసాగించాలి. ఒక పుస్తకం, ఒక దీపం, వారానికి ఒక పూట శ్రద్ధ ఉన్న రైతు బృందాలు, వ్యవసాయ విద్యార్థులు దీనిని తేలికగా చేపట్టవచ్చును.