నడక పూర్తయింది, మడమ నొప్పి మిగిలింది

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 46. వీధికుక్కలకు సంతాన నియంత్రణ ఆపరేషన్లు, టీకాలు చేయించడానికి విరాళాలు సేకరిస్తూ మేం ఆరుగురం హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా నడిచాం. దాదాపు 270 కిలోమీటర్లు, 11 రోజులు పట్టింది. ఇంటికొచ్చి వారమైంది. పొద్దున్నే మంచం దిగి అడుగేస్తే కుడి మడమలో మేకు దిగినట్టుంటోంది. నాలుగడుగులు వేశాక సర్దుకుంటోంది. బొటనవేలి గోరు నల్లబడింది. భయపడాలా? అన్నట్టు, సూర్యాపేట దాటాక చెట్టు కింద బూట్లు విప్పుకుని కూర్చుంటే ఓ కుక్కపిల్ల వచ్చి, చితికిన బొబ్బ మీద నాకింది. మాకు అలవాటే కాబట్టి పట్టించుకోలేదు.
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీరు చివర్లో ‘అన్నట్టు’ అని రాసిన మాట చదివి ఉలిక్కిపడ్డాను. ఈ సంచిక అచ్చయ్యేదాకా ఆగకుండా మీకు ఫోన్ చేసి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లమన్నది అందుకే. కారణం అందరికీ తెలియాలి.

కుక్క కరిస్తేనే రేబిస్ వస్తుందని చాలామంది నమ్మకం. వైరస్ ఉండేది లాలాజలంలో. చర్మం బాగున్న చోట నాకితే ఏమీ కాదు. బొబ్బ చితికి పైతోలు ఊడిన చోట నాకితే మాత్రం, నెత్తురొచ్చేలా కరిచినంత తీవ్రంగానే మేం లెక్కవేస్తాం. టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇవ్వాలి. కుక్కపిల్లే కదా అనడానికి లేదు, పిల్లలకూ రేబిస్ సోకుతుంది. 12 రోజులు దాటాయి, ఇంకెందుకులే అనీ అనుకోకూడదు. లక్షణాలు కనబడటానికి మామూలుగా 1 నుంచి 3 నెలలు పడుతుంది, కొందరిలో అంతకంటే ముందే కనబడొచ్చు. ఒకసారి కనబడ్డాక మనిషిని దక్కించుకోవడం దాదాపు అసాధ్యం. కండకు వేసే టీకా అయితే 0, 3, 7, 14, 28 రోజుల్లో, చర్మంలోకి వేసేదైతే 0, 3, 7, 28 రోజుల్లో వేయించుకోవాలి. మొదటి సూది వేసిన రోజే 0. ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు.

నాకిన వెంటనే చేయాల్సిన పని, ధారగా నీళ్లు పోస్తూ సబ్బుతో 15 నిమిషాలు కడగడం. రోడ్డు పక్కన కుళాయి లేకపోతే సంచిలోని నీళ్ల సీసాలు, ఓ సబ్బు ముక్క చాలు. పసుపు, సున్నం, కారం ఏవీ పెట్టొద్దు.

ఇక మడమ. మడమ ఎముక నుంచి వేళ్ల దాకా అరికాలి కింద గట్టి పట్టీ లాంటి పొర ఉంటుంది. రోజుకు 25 కిలోమీటర్ల చొప్పున తారురోడ్డు మీద నడిస్తే, అది ఎముకకు అతుక్కున్న చోట ఒరుసుకుపోతుంది. రాత్రంతా ముడుచుకుని ఉండి తెల్లారి ఒక్కసారిగా సాగుతుంది కాబట్టే మొదటి అడుగుకు అంత బాధ. మడమ కింద లోపలి అంచున బొటనవేలితో నొక్కి చూడండి, సరిగ్గా అక్కడే నొప్పి పుడితే ఇదే. మంచం మీద ఉండగానే తువ్వాలు పాదానికి తగిలించి, వేళ్లను మీ వైపు అర నిమిషం లాగి పట్టుకోండి. అలా 3 సార్లు చేశాకే కాలు కింద పెట్టండి. ఇంట్లో గచ్చు మీద ఉత్తకాళ్లతో తిరగొద్దు, మెత్తటి చెప్పులు వేసుకోండి. తగ్గడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

పాదం పైభాగాన ఒకే చోట వేలు పెట్టి చూపగలిగేంత నొప్పి ఉండి, నడిచేకొద్దీ పెరుగుతుంటే ఎముకకు సన్నటి చీలిక వచ్చి ఉండొచ్చు. మొదటి 2, 3 వారాలు ఎక్స్‌రేలో అది కనబడకపోవచ్చు. ఒక పిక్కే వాచి నొప్పిపెడితే రక్తం గడ్డకట్టిందేమో అదే రోజు చూపించుకోవాలి. నల్లబడిన గోరు రాలిపోయి కొత్తది వస్తుంది. పీకకండి.

కుక్కల మధ్య తిరిగేవారికి ముందస్తు రేబిస్ టీకా కూడా ఉంది. 0, 7 రోజుల్లో, తర్వాత 21 లేదా 28వ రోజున, మొత్తం 3 డోసులు. అది పూర్తయ్యాక ఎప్పుడైనా కుక్క కరిస్తే 0, 3 రోజుల్లో 2 డోసులతో సరిపోతుంది, ఇమ్యునోగ్లోబులిన్ అక్కర్లేదు. మీతో నడిచిన ఐదుగురికీ ఈ రోజే ఫోన్ చేయండి. కాళ్ల మీద బొబ్బలున్న రోజుల్లో ఏ కుక్కయినా నాకిందేమో గుర్తు తెచ్చుకోమని చెప్పండి.