రంపం ముందు చెయ్యి ఎంత నిదానం?

కొత్త ఇల్లు కట్టేచోట తలుపులు, కిటికీలు తయారవుతుంటే మీరు చూసే ఉంటారు. ఒకప్పుడు ఇద్దరు మనుషులు చెరోపక్క పట్టుకొని, చెమటోడ్చి కోసిన టేకు పలకను ఇప్పుడు కరెంటు రంపం నిమిషాల మీద కోసేస్తోంది. గుండ్రని ఉక్కు బిళ్ళ, దాని అంచున పళ్ళు, తిప్పడానికి ఒక మోటారు. యంత్రమంతా ఇంతే.

దాని దగ్గర పనిచేస్తున్న మేస్త్రీని "భయం వెయ్యదా?" అని అడిగి చూడండి. తరచుగా వినిపించే జవాబు ఇది: "భయమెందుకు బాబూ! నా కన్ను రంపం మీదే ఉంటుంది. కాస్త తేడా వస్తే చెయ్యి వెనక్కి లాక్కోనూ?"

చెయ్యి వెనక్కి లాక్కోవడానికి నిజంగా వ్యవధి ఉంటుందా? వాదన ఎందుకు? కొలిచి చూద్దాం.

స్కేలుతో ఒక పరీక్ష

దీనికి రంపం అక్కరలేదు. 30 సెంటీమీటర్ల స్కేలు, ఒక స్నేహితుడు ఉంటే చాలు. స్కేలును నిలువుగా, పై కొన దగ్గర పట్టుకోమని స్నేహితుడికి చెప్పండి. కింద సున్న గుర్తు దగ్గర మీ బొటనవేలిని, చూపుడువేలిని స్కేలుకు చెరోపక్క ఉంచండి. వేళ్ళు స్కేలును తాకకూడదు. అతడు చెప్పకుండా స్కేలును వదిలెయ్యాలి. అది జారడం చూడగానే మీరు పట్టుకోవాలి. ఏ గుర్తు దగ్గర పట్టుకున్నారో చూడండి.

15 సెం.మీ. దగ్గర పట్టుకుంటే మీకు పట్టిన కాలం సుమారు 0.17 సెకండు. 20 సెం.మీ. అయితే 0.20 సెకండు. 25 సెం.మీ. అయితే 0.23 సెకండు. స్కేలు పడిన దూరాన్ని మీటర్లలోకి మార్చి, రెట్టింపు చేసి, 9.8తో భాగించి, వర్గమూలం తీస్తే ఈ అంకెలు వస్తాయి. మీరే సరిచూసుకోండి.

ఎంత చురుకైనవారికైనా కొంత కాలం పట్టి తీరుతుంది. కన్ను చూడాలి, ఆ కబురు మెదడుకు చేరాలి, మెదడు ఆజ్ఞ వెన్నుపాము గుండా ముంజేతి కండరాలకు అందాలి. ఆ తరువాతే వేళ్ళు కదులుతాయి. పైగా ఈ పరీక్షలో స్కేలు పడబోతోందని మీకు ముందే తెలుసు. ప్రమాదం అలా చెప్పిరాదు కదా!

ఇక రంపం లెక్క

కోత మిల్లులో బల్లకు బిగించిన రంపాన్ని తీసుకుందాం. బిళ్ళ అడ్డుకొలత 30 సెం.మీ., దానికి 40 పళ్ళు, మోటారు నిమిషానికి 2,880 చుట్లు తిరుగుతుందని అనుకోండి. అంటే సెకండుకు 48 చుట్లు. బిళ్ళ చుట్టుకొలత సుమారు 94 సెం.మీ. కాబట్టి అంచున ఉన్న పన్ను సెకండుకు 45 మీటర్లు పోతుంది. గంటకు 160 కిలోమీటర్లు దాటిన వేగమన్నమాట!

మీ చెయ్యి మేలుకోవడానికి 0.2 సెకండు కావాలన్నాం. ఆలోగా రంపం దాదాపు పది చుట్లు తిరుగుతుంది. ఒకే చోటు మీదుగా 384 పళ్ళు దాటిపోతాయి. ఒక్క పన్ను తగిలినా గాయమే. మేస్త్రీగారి కన్ను ఎంత చురుకైనదైనా, ఆయన "అయ్యో" అనుకునేలోపే జరగవలసినది జరిగిపోతుంది.

"మాది చిన్న మిషనే కదా" అని చేతి కట్టరు వాడేవారు అంటుంటారు. వట్టి భ్రమ. 11 సెం.మీ. బిళ్ళ ఉండే చిన్న కట్టర్లలో చాలా వాటి వేగం నిమిషానికి సుమారు 12,000 చుట్లు. లెక్క కట్టండి, అంచు వేగం గంటకు దాదాపు 250 కిలోమీటర్లు తేలుతుంది! రాళ్ళు కోయడానికి చేసిన ఈ కట్టరుకు పళ్ళబిళ్ళ తగిలించి చెక్క కోయడం మరీ ప్రమాదం.

చెయ్యి రంపం మీదకు ఎలా పోతుంది?

తెలిసి తెలిసి రంపంలో ఎవరూ చెయ్యి పెట్టరు. మరి ప్రమాదం ఎలా జరుగుతుంది? దీనికి రెండు దారులున్నాయి.

మొదటిది జారడం. మీరు తలుపును గట్టిగా తోస్తున్నప్పుడు లోపలివారు హఠాత్తుగా గడియ తీశారనుకోండి. ముందుకు తూలిపోతారు, అవునా? పలక కోత పూర్తయినప్పుడూ అంతే. అప్పటివరకు చేతికి ఎదురు నిలిచిన చెక్క ఒక్కసారిగా దారి ఇస్తుంది. చెయ్యి సెకండుకు ఒక మీటరు వేగంతో దూసుకుపోయినా, 0.2 సెకండులో 20 సెం.మీ. పోతుంది. మొద్దుబారిన రంపమైతే ఇంకా బలంగా తోయాలి, ఇంకా ఎక్కువ తూలుతాం. అందుకే పదునైన రంపం కంటే మొండి రంపమే చేతికి ఎక్కువ హాని.

రెండవది చెక్క ఎదురు తన్నడం. బల్ల రంపం ముందువైపు పళ్ళు కిందికి దిగుతూ చెక్కను బల్లకు అదిమి పెడతాయి. వెనుకవైపు పళ్ళు పైకి లేస్తాయి. సమంగా ఆరని పలకను నిలువునా చీల్చినప్పుడు, రెండు చీలికలూ ఒక్కోసారి దగ్గరకు ముడుచుకొని రంపాన్ని నొక్కుతాయి. పలక కాస్త వంకర తిరిగినా అంతే. అప్పుడు వెనుక పళ్ళు దానిని పైకెత్తి, పనివాడి మీదకు విసిరికొడతాయి. పలక మీద ఆనించి ఉన్న చెయ్యి పట్టు తప్పి రంపం మీద పడుతుంది.

స్విచ్చి వెయ్యకముందే పడవలసిన జాగ్రత్త

ఇప్పుడు అసలు సంగతి తెలిసింది కదా! రంపం తిరుగుతుండగా చెయ్యిని కాపాడుకోలేం. దానిని కాపాడే ఏర్పాట్లన్నీ స్విచ్చి వెయ్యకముందే జరిగిపోవాలి.

రంపం మీద గార్డు అనే మూత ఉండాలి. పలక కిందుగా దూరితే చాలు, వేలు దూరకూడదు. మన దేశంలో 1948లో వచ్చిన ఫ్యాక్టరీల చట్టమే యంత్రాల ప్రమాదకరమైన భాగాలకు కంచె ఉండాలని నిర్దేశించింది.

రంపం వెనుక, అదే వరుసలో పలుచని ఉక్కు పలక ఒకటి నిలబడి ఉండాలి. దీనిని రైవింగ్ నైఫ్ అంటారు. అది కోత సందులో దూరి, చీలికలు ముడుచుకోకుండా ఆపుతుంది. చెక్క ఎదురు తన్నకుండా చూసేది ముఖ్యంగా ఇదే.

రంపం పళ్ళు పలకపైకి కొద్దిగా మాత్రమే కనిపించేలా ఎత్తు సరిచెయ్యాలి. పలకను పక్కనున్న ఫెన్సు పట్టీకి ఆనించి తోయాలి. ఏ ఆసరా లేకుండా ఉత్త చేతులతో కోయరాదు.

చెయ్యి రంపానికి రెండు బెత్తెల దూరంలో, అంటే 15 సెం.మీ. ఎడంగా ఉండాలి. కాని జారిన చెయ్యి 20 సెం.మీ. పోతుందని చూశాం కదా! కాబట్టి దూరం ఒక్కటే చాలదు. చెయ్యి జారినా పక్కకు పోయేలా, రంపం వరుసకు ఎడంగా పట్టుకోవాలి. సన్నని ముక్కలైతే, చివర గాటు పెట్టిన పుష్ స్టిక్ అనే కర్రతో తోయాలి. రంపం కొరికితే కర్రనే కొరుకుతుంది. మనిషి కూడా రంపానికి ఎదురుగా కాక కొంచెం పక్కగా నిలబడాలి.

చేతికి తొడుగులు వేసుకుంటే మంచిదనుకుంటారు. ఇక్కడ అది తప్పు. ఒక్క పన్నుకు తొడుగు చిక్కినా చెయ్యి మొత్తం లోపలికి పోతుంది. భుజం మీద తువ్వాలు, వదులు చొక్కా చేతులు, గడియారం, కడియం కూడా పనికిరావు.

స్విచ్చి ఆపినంత మాత్రాన రంపం ఆగదు. జడత్వం వల్ల కొన్ని సెకండ్లు తిరుగుతూనే ఉంటుంది. అది పూర్తిగా నిలిచేదాకా ముక్కలు తీయకూడదు, పొట్టు తుడవకూడదు. బిళ్ళ మార్చేటప్పుడు ప్లగ్గు పీకి పక్కన పెట్టాలి.

చేతి మిషనును తలకిందులుగా బల్లకు బిగించి, గార్డు ఊడదీసి, స్విచ్చిని నొక్కి కట్టేసి వాడడం మీరు చూసి ఉండవచ్చు. పైన చెప్పిన రక్షణలన్నీ ఒక్క దెబ్బతో తీసేసినట్టే! ఆపదలో రంపాన్ని ఆపే దారి కూడా పోయింది.

రంపమే మేలుకుంటే?

చెయ్యి నిదానమైతే రంపాన్నే చురుకైనదిగా చేస్తే? అమెరికాలో భౌతికశాస్త్రం చదివిన స్టీవ్ గాస్ 1999లో ఈ దారి పట్టారు. మన శరీరంలో ఉప్పునీరు ఉంది కనుక విద్యుత్తు దాని గుండా పోతుంది. గాస్ రంపపు బిళ్ళకు అతి స్వల్పమైన విద్యుత్ సంకేతాన్ని ఇచ్చారు. ఎండు చెక్క తగిలితే ఆ సంకేతం పెద్దగా మారదు. వేలు తగిలితే పడిపోతుంది. వెంటనే ఒక స్ప్రింగు అల్యూమినియం దిమ్మెను పళ్ళలోకి నెట్టి రంపాన్ని ఆపేస్తుంది. ఇదంతా జరగడానికి 0.005 సెకండు చాలు. అంటే మన చేతి కంటే 40 రెట్లు చురుకు! వేలికి చిన్న గాటు మాత్రం పడుతుంది. పరీక్షలకు వేలి బదులు మాంసపు సాసేజిని వాడిన గాస్, చివరికి తన వేలినే పెట్టి చూపించారు.

ఇలాంటి రంపాలకు ఖరీదు ఎక్కువ. పైగా చెక్క ఎదురు తన్నడాన్ని ఈ ఏర్పాటు ఆపలేదు. కనుక గార్డు, ఉక్కు పలక, తోసే కర్ర ఎప్పటికీ కావలసిందే.

ప్రమాదం జరిగితే?

ముందు కరెంటు ఆపాలి. గాయం మీద శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి, చేతిని గుండె కంటే ఎత్తుగా ఉంచాలి. వేలు తెగిపోతే దానిని తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టాలి. ఆ సంచిని ఐసు వేసిన నీటిలో ఉంచి, గాయపడ్డవారితో పాటే ఆసుపత్రికి పంపాలి. వేలికి ఐసు నేరుగా తగలకూడదు. 1965లో జపాను వైద్యులు తెగిన బొటనవేలిని తిరిగి అతికించగలిగారు. అయినా అతికిన వేలికి పూర్వపు పట్టు, స్పర్శ పూర్తిగా వస్తాయన్న నమ్మకం లేదు. వడ్రంగికి ఆ పట్టే కదా జీవనం!

మీరు పెద్దవారై శిక్షణ పొందేవరకు ఈ యంత్రాన్ని ముట్టుకోవద్దు. కాని స్కేలు పరీక్ష మీరూ చేయవచ్చు, మీకు తెలిసిన మేస్త్రీగారి చేతా చేయించవచ్చు. "రంపం 384 పళ్ళు దాటేసిందండీ!" అని నవ్వుతూ చెప్పండి. గార్డు మళ్ళీ బిగించుకోవాలని ఆయనకే తోస్తుంది.

ఆలోచించండి

1. 25 సెం.మీ. బిళ్ళ నిమిషానికి 4,000 చుట్లు తిరిగితే అంచు వేగం గంటకు ఎన్ని కిలోమీటర్లు?

2. మీ స్కేలు పరీక్షలో వచ్చిన కాలంలో ఆ రంపం ఎన్ని చుట్లు తిరుగుతుంది?

3. పచ్చి చెక్కను కోస్తే గాస్ రంపం వేలు తగిలిందని పొరపడే అవకాశం ఉంది. ఎందుకు?