సంతకు వెళ్లేముందు

చి. శ్రావణికి,

లోను మంజూరైందని, మరో నాలుగు పాడి పశువులు కొంటున్నానని నువ్వు చెబితే ఎంతో సంతోషమేసింది. ఫోనులో అన్నీ చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను.

గాలికుంటు జబ్బు మన సావిట్లోకి వచ్చిందంటే చాలాసార్లు అది మనం డబ్బిచ్చి కొని తెచ్చుకున్న పశువుతోనే వస్తుంది తల్లీ. వైరస్ సోకిన పశువు 2 నుంచి 14 రోజుల దాకా పైకి బాగానే ఉంటుంది. మేస్తుంది, నెమరేస్తుంది, పాలిస్తుంది. ఆ పాలల్లో రోగం అప్పటికే ఉండొచ్చు. సంతలో పళ్లు చూస్తాం, పొదుగు చూస్తాం, ఇది మాత్రం కంటికి దొరకదు. అందుకని కొత్త పశువును తెచ్చిన రోజే మిగతావాటి పక్కన కట్టెయ్యకు. సావిడికి దూరంగా, చేలో చిన్న పాక వెయ్యి. కనీసం 3 వారాలు అక్కడే ఉంచు. దాని కుడితి తొట్టి, బకెట్టు, పలుపు అన్నీ వేరు. పాతవాటి పని ముగించాకే దాని దగ్గరికి వెళ్లు. తిరిగొచ్చాక కాళ్లూ చేతులూ సబ్బుతో కడుక్కుని, బట్టలు మార్చుకో. అదనపు చాకిరీ అని ఇంట్లోవాళ్లు విసుక్కున్నా పట్టు వదలకు.

టీకా ఆరు నెలలకోసారి వేయించాల్సిందే. 2019లో మొదలైన కేంద్ర పథకం కింద ఉచితంగానే వేస్తారు. దూడకు నాలుగో నెలలో మొదటిది, మరో నెలకు రెండోది. పాలు తగ్గుతాయని కొందరు టీకాల రోజున గొడ్లను పొలానికి తోలేస్తారు. రెండు మూడు రోజులు కాస్త తగ్గే మాట నిజమే, కానీ జబ్బే వస్తే ఆ ఈత పాడి మీద ఆశ వదులుకోవాల్సి వస్తుంది. మందు తెచ్చిన డబ్బా మూత తీయించి ఐసు ఉందో లేదో చూడు. చల్లదనం తప్పిన మందు పొడిచినా ఒకటే, నీళ్లు పొడిచినా ఒకటే.

పొద్దున పేడ తీసేటప్పుడు ప్రతి పశువు మూతీ చూడు. తీగలు తీగలుగా చొంగ కారుతున్నా, పెదవులు చప్పరిస్తున్నా, కాలు మాటిమాటికీ విదిలిస్తున్నా అనుమానించు. నాలుక మీద పొక్కు చిట్లితే పైపొర ఊడి లోపలి ఎర్రమాంసం కనిపిస్తుంది. గిట్టల సందుల్లోనూ అంతే. నాకు అన్నిటికన్నా దూడల గురించే భయం. వైరస్ లేత గుండెను పట్టిందంటే నోట్లో ఒక్క పుండైనా లేకుండానే దూడ ఉన్నట్టుండి కూలిపోతుంది. ఏ పశువు మీద అనుమానం వచ్చినా వెంటనే దూడను దాని నుంచి వేరు చేసి, పశువైద్య సేవల నంబరు 1962కు ఫోను చెయ్యి. పాలు పితికే మనిషిని ఇంకో ఇంటికి పోనివ్వకు. నేలనూ తొట్లనూ లీటరు నీటికి 40 గ్రాముల చాకలి సోడా కలిపి కడిగించు.

జబ్బు చేసిన గొడ్డును గుట్టుగా సంతకు తోలి చేతులు దులుపుకునేవాళ్లున్నారు. ఆ పని నువ్వు చెయ్యకు. పశువుల అంటువ్యాధుల మీద వచ్చిన 2009 చట్టం దాన్ని ఒప్పుకోదు, అది అలా ఉంచు, అక్కడ కొనేది నీలాగే అప్పు చేసి వచ్చిన మనిషి. రోగాన్ని దాచకుండా పట్టుకుంటేనే అది పోతుంది. పశువులకొచ్చే ముసర వ్యాధి ఒకప్పుడు మందలకు మందలనే తుడిచిపెట్టింది. ఊరూరా టీకాలు వేసి, రోగం కనిపించిన చోటల్లా గాలించి పట్టుకున్నారు కాబట్టే 2011 నాటికి ప్రపంచంలోనే లేకుండా పోయింది. గాలికుంటునూ అలా వెళ్లగొట్టగలమని నేను గట్టిగా నమ్ముతాను.

పాక వేయడం పూర్తయ్యాకే సంతకు బయల్దేరు.

మీ మామయ్య