చీర విప్పి చూపించే చేతుల లెక్క

బట్టల షాపు ఋణ దరఖాస్తు బల్ల మీదికి వస్తే లాభనష్టాల పట్టికలో నేను ముందు చూసేది జీతాల పద్దు. అమ్మకాల్లో అది ఎంత శాతం అని. ఎంబీఏ చదువు తెచ్చిన అలవాటు ఇది. అయితే ఆడవారి బట్టల వ్యాపారంలో ఈ శాతం ఒక్కటే చూస్తే దారి తప్పుతాం. మన సిబ్బంది కుటుంబాల్లోనూ ఇంట్లో చీరలు అమ్మేవారు ఉంటారు కనుక కాస్త వివరంగా చెబుతాను.

ఒక ఉదాహరణ అనుకుందాం. సేల్స్‌గర్ల్ జీతం నెలకు 15,000 రూపాయలు. ఆమె చేతుల మీదుగా అమ్మకం 2,00,000. జీతం 7.5 శాతం అన్నమాట. ఇరవై మంది, అంతకు మించి పనిచేసే షాపైతే యజమాని పీఎఫ్ వాటా 12 శాతం, అంటే 1,800. ఈఎస్‌ఐ వాటా 3.25 శాతం, దాదాపు 488. మొత్తం 17,288, శాతం 8.6కు చేరింది. బోనస్, గ్రాట్యుటీ, పండక్కి పెట్టే బట్టలు దీనికి అదనం.

మరుసటి ఏడు పట్టు, జరీకి వాడే వెండి ధరలు పెరిగి, అవే చీరలకు 2,50,000 వచ్చిందనుకోండి. జీతం మారకపోతే ఖర్చు 6.9 శాతానికి దిగుతుంది. కాగితం మీద షాపు సామర్థ్యం పెరిగినట్టే! ఆ అమ్మాయి మాత్రం అన్నే చీరలు విప్పింది, అన్నే మడిచింది. అందుకే ఒక మనిషి గంటకు ఎన్ని బిల్లులు చేయించగలుగుతోందని కూడా అడుగుతాను.

పెళ్లి చీరల కౌంటర్లో ఆ సంఖ్య పెరగడం కష్టం. వాయిద్య బృందం కచేరీకి పూర్వం పట్టిన సమయమే ఇప్పుడూ పడుతుంది, కానీ కళాకారుల జీతాలు మిగతా రంగాలతో పాటు పెరగక తప్పదని బోమోల్, బోవెన్ అనే ఆర్థికవేత్తలు 1966లో వివరించారు. చీర చూపించడమూ అంతే. నలుగురు ఆడవాళ్లు కూర్చుని రంగు తేల్చుకునే సమయాన్ని ఏ కంప్యూటరూ తగ్గించలేదు.

కుర్తీలు, లెగ్గింగ్‌లు వచ్చాక హ్యాంగర్ నుంచి తీసుకునే పని కొనేవారిదే అయింది. షాపులో పని పూర్తిగా పోలేదు. ట్రయల్ రూంలో వదిలేసినవి తిరిగి సర్దాలి, సైజు సరిచేయాలి. ఆన్‌లైన్ అమ్మకాల్లోనైతే వాపసు వచ్చిన ప్రతి ప్యాకెట్‌నూ విప్పి, మరకలు చూసి, మళ్లీ మడవాలి.

పద్దులో కనబడని ఖర్చు ఇంకోటుంది, నిలబడటం. షాపుల్లో పనిచేసేవారికి కూర్చునే వీలు కల్పించాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించాయి. కేరళలో దీనికి కోళికోడ్ షాపుల్లోని మహిళల పోరాటం తోడైంది. స్టూలు ఒకసారి కొంటే చాలు. కాళ్ల నొప్పులతో మానేసిన అనుభవజ్ఞురాలి స్థానంలో కొత్తవారికి పని నేర్పే ఖర్చు మాత్రం మళ్లీ మళ్లీ వస్తుంది. ఋణం ఇచ్చేవాడిగా కూడా నాకిది ముఖ్యమే.

ఇక ఇంటి వ్యాపారం. నెలకు 6,000 మిగిలిందని సంతోషించే ముందు గంటలు రాసుకోండి. ఫోటోలు తీయడం, వాట్సాప్‌లో జవాబులు, కొరియర్ ఆఫీసుకు వెళ్లడం కలిపి రోజుకు నాలుగు గంటలు, 25 రోజులైతే 100 గంటలు. గంటకు 60 రూపాయలు. ఫాల్ కుట్టిపెట్టే అత్తగారి గంటలు ఇందులో ఇంకా కలపలేదు.