పాత రూపు డైవర్ వాచీ కొనవచ్చా?

ప్రశ్న: సీకో ఎస్‌పీబీ143 వాడుతున్నవారు దాని గురించి ఏమంటున్నారు?

జవాబు: జపాను తొలి డైవర్ వాచీగా పేరొంది, 150 మీటర్ల లోతుకు సరిపడేలా 1965లో వెలువడిన సీకో 62మాస్ రూపురేఖలనే 2020లో వచ్చిన ఈ వాచీ అనుసరిస్తుంది, అయితే దీని సామర్థ్యం 200 మీటర్లు, కేసు వ్యాసం 40.5 మిల్లీమీటర్లు. సన్నని మణికట్టుపైనా ఒదిగి కూర్చుంటుందని, వెలుతురును బట్టి బూడిదరంగు డయలు ఛాయ మారుతుందని వాడుకరులు మెచ్చుకుంటారు. అసంతృప్తి ఎక్కువగా బెజెల్ గురించే: నీటిలో గడిచిన నిమిషాలను లెక్కించడానికి అద్దం చుట్టూ ఒకే దిశలో తిరిగే ఈ వలయపు సున్నా గుర్తు, కొన్ని వాచీలలో పన్నెండు గంటల గీతకు కాస్త పక్కకు ఆగుతుంది. చేతి కదలికతోనే కీ చుట్టుకొని, పక్కన పెట్టినా దాదాపు 70 గంటలు నడిచే 6ఆర్35 యంత్రం రోజుకు 25 సెకన్లు ముందుకు గాని, 15 సెకన్లు వెనక్కి గాని పోవడాన్ని సంస్థ ప్రమాణాలు అంగీకరిస్తాయి. ఆ వెసులుబాటు నిజంగా ఎక్కువే. కచ్చితమైన సమయమే ముఖ్యమైతే క్వార్ట్జ్ వాచీ మేలు. రూపం నచ్చినవారు దీనిని నిస్సంకోచంగా కొనవచ్చు గాని, దుకాణంలోనే బెజెల్‌ను ఒక పూర్తి చుట్టు తిప్పి, గుర్తులు కలుస్తున్నాయో లేదో చూసుకున్న తరువాతే డబ్బు చెల్లించాలి.