బోరో వరి పంటకాలం – సరిహద్దులు దాటే జలవిద్యుత్తు

2024 అక్టోబరు 3న నేపాల్, భారత్, బంగ్లాదేశ్ విద్యుత్ సంస్థల మధ్య త్రైపాక్షిక ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం 40 మెగావాట్ల నేపాల్ జలవిద్యుత్తు ఢల్కేబర్–ముజఫర్‌పూర్ లైను ద్వారా భారత గ్రిడ్‌లోకి వచ్చి, బహరంపూర్–భేరామారా లైను మీదుగా బంగ్లాదేశ్‌కు చేరుతుంది. పరిమాణం స్వల్పమే. అయితే సస్యశాస్త్ర దృష్టిలో ముఖ్యమైనది సరఫరా కాలం: జూన్ 15 నుండి నవంబరు 15 వరకు మాత్రమే.

ఈ గడువుకు కారణం హిమాలయ నదులు. నేపాల్ జలవిద్యుత్ కేంద్రాలలో అధికభాగం నదీప్రవాహంపై నేరుగా ఆధారపడినవి. వర్షాకాలంలో మిగులు చూపే ఆ దేశమే చలికాలంలో భారత్ నుండి విద్యుత్తు కొంటుంది. బంగ్లాదేశ్ వరి ఉత్పత్తిలో సగానికి పైగా అందించే బోరో పంటకు నాట్లు డిసెంబరు–ఫిబ్రవరిలో పడతాయి, కోత ఏప్రిల్–మేలో సాగుతుంది. అంటే బోరు మోటార్లు అత్యధికంగా నడిచే నెలల్లో ఈ విద్యుత్తు అందదు. ఆ లోటును నేటికీ లక్షలాది డీజిల్ పంపులు పూరిస్తున్నాయి. ఒక లీటరు డీజిల్ మండితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది.

ఒక సులభమైన లెక్క చూద్దాం. ఘనమీటరు నీటిని ఒక మీటరు ఎత్తుకు తోడడానికి సిద్ధాంతరీత్యా 0.0027 యూనిట్లు చాలు. హెక్టారుకు 10,000 ఘనమీటర్ల నీటిని 10 మీటర్ల లోతు నుండి, 40 శాతం సామర్థ్యంతో తోడితే సుమారు 680 యూనిట్లు అవసరం. తడి–పొడి నీటి యాజమాన్యంతో నాలుగోవంతు నీరు ఆదా అయితే మిగిలేది 170 యూనిట్లు. ఒప్పందం ప్రకారం ఏడాదికి అందగలిగే గరిష్ఠ విద్యుత్తు సుమారు 14.8 కోట్ల యూనిట్లు. ఇదే అంచనాతో దాదాపు 9 లక్షల హెక్టార్లలో ఈ పద్ధతి అమలైతే అంత శక్తి పొలంలోనే ఆదా అవుతుంది. ఇది మొత్తం బోరో విస్తీర్ణంలో అయిదోవంతుకు మించదు. పైగా నిలవనీరు తగ్గడం వల్ల మీథేన్ ఉద్గారం సగానికి దగ్గరగా పడిపోతుంది.

మరి రైతు ఎందుకు ముందుకు రాడు? బంగ్లాదేశ్‌లో పంపు యజమాని చాలాచోట్ల విస్తీర్ణాన్ని బట్టి పంటకాలానికి ఒకే రుసుము తీసుకుంటాడు. నీరు ఆదా చేసిన రైతుకు పైసా మిగలదు. డీజిల్ ఖర్చు తగ్గేది యజమానికే. ఉచిత విద్యుత్తుతో యాసంగి వరి పండించే తెలంగాణ రైతు స్థితి వేరు, ప్రోత్సాహక లోపం మాత్రం అదే. గొట్టం పాతి నీటిమట్టం చూపించడం వరకే విస్తరణ కార్యక్రమం పరిమితమైతే ఫలితం రాదని నా అభిప్రాయం. రుసుము విధానమే మారాలి.

ఎండాకాలంలో ఈ ప్రాంతానికి మిగులు కాగలిగినది భారత పగటి సౌరవిద్యుత్తు. దానిని అదే భేరామారా లైను ద్వారా పంపే అవకాశాన్ని ఒప్పందకర్తలు పరిశీలించాలి. తడి–పొడి పద్ధతిలో నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల దిగువకు చేరేవరకు వేచి ఉండవచ్చు కనుక, తడిని ఒక రోజు అటూ ఇటూ జరిపి మధ్యాహ్నపు ఎండకు సర్దుకోవచ్చు. పూత దశ దీనికి మినహాయింపు. అప్పుడు 5 సెంటీమీటర్ల నీరు నిలవాలి, తడి వాయిదా పడరాదు. కనుక జిల్లాలవారీ పూత తేదీలు సరఫరా ప్రణాళిక రూపొందించేవారికి ముందే అందాలి. వాటిని సిద్ధం చేయగలిగినది సస్యశాస్త్ర విభాగాలే.