కొత్త సైకిలు - పట్టేసిన ఫోర్కు : ఒక పరిశీలన

సైకిలు మన కాలేజీకి కొత్త కాదు. తాతల కాలం నాటి నల్ల సైకిళ్ల నుంచి నేటి గేరు సైకిళ్ల వరకు అన్నీ ఈ చెట్ల కింద నిలబడినవే. ఐతే ముందు చక్రానికి స్ప్రింగులు గల "మౌంటెన్ బైకు" మాత్రం మన హాస్టళ్లకు ఈమధ్యనే వచ్చింది. దాన్ని కొనేవారు చాలామంది ఉన్నారు గాని, అది చెడినప్పుడు ఏం చేయాలో తెలిసినవారు తక్కువ. అందులో నేనూ ఒకణ్ణి. కొత్త సైకిలు కొన్న పదో రోజునే దాని ఫోర్కు నన్ను పరీక్షకు పెట్టింది. ఆ పరీక్షలో నేర్చుకున్న పాఠమే ఈ వ్యాసం.

ముందుగా కొంచెం చరిత్ర. 1970 దశకంలో అమెరికాలోని కాలిఫోర్నియాలో, మారిన్ కౌంటీ కుర్రాళ్లు కొందరు లావు టైర్ల పాత సైకిళ్ల మీద కొండదారుల్లో కిందికి దిగడం ఆటగా పెట్టుకున్నారు. 1976లో అక్కడ మొదలైన పందానికి "రీప్యాక్" అని పేరు. దిగేసరికి వెనుక హబ్బులోని బ్రేకు వేడెక్కి, గ్రీజు కాలిపోయి, మళ్లీ కొత్తది కూరాల్సి వచ్చేదట. ఆ పేరు అలా వచ్చింది. అప్పటికి ఆ సైకిళ్లకు స్ప్రింగు ఫోర్కులు లేవు. గుంతల దెబ్బలన్నీ మణికట్లే భరించేవి. 1989లో రాక్‌షాక్స్ సంస్థ ఆర్ఎస్-1 అనే ఫోర్కును మార్కెట్టులోకి తెచ్చింది. ఆ తర్వాత కొద్ది సంవత్సరాల్లోనే ఇటువంటి ఫోర్కులు అందరికీ అలవాటయ్యాయి. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో మౌంటెన్ బైకింగ్ ఒక క్రీడగా చేరింది.

ఇక నా కథకు వస్తాను. రెండేళ్లు కూడబెట్టిన డబ్బుకు నాన్నగారు మరికొంత కలిపితే సైకిలు కొన్నాను. ఓ ఆదివారం ఉదయం కైలాసగిరి రోడ్డు దిగుతున్నాను. ముందు బ్రేకు వేసినప్పుడల్లా హ్యాండిల్ దగ్గర "టక్" మంటోంది. చిన్న గతుకులకు ఫోర్కు కదలడం లేదు. పెద్ద గుంతలో పడితే మాత్రం కిందికి దిగి, అక్కడే ఉండిపోతోంది. ఒక మలుపులో ముందు చక్రం పట్టు వదిలి పక్కకు జారింది. కాలు ఆనించి ఆపుకున్నాను గనుక సరిపోయింది. నా వెనకాలే ఒక సిటీ బస్సు వస్తోందని ఆగిన తర్వాత గాని చూడలేదు.

సాయంత్రం దుకాణానికి వెళ్లి గట్టిగానే మాట్లాడాను. యజమాని తాపీగా విని, "కొత్తది కద బాబూ, నాలుగు రోజులు తొక్కితే అదే సర్దుకుంటుంది" అన్నారు. "సర్దుకోకపోతే?" అన్నాను. "గుంతల్లో తోలితే ఏ ఫోర్కయినా అంతే" అన్నారు. గుంతల కోసమే కొన్న వస్తువు గుంతల్లో వాడరాదంటే నాకు ఒళ్లు మండిపోయింది. కాని ఆలోచిస్తే, నా దగ్గర కోపం తప్ప ఆధారం ఏదీ లేదు. "బాలేదు" అనేది ఫిర్యాదే గాని రుజువు కాదు.

ఫోర్కు పనిచేసే తీరు

మెకానిక్స్ మొదటి పాఠం గుర్తు చేసుకుందాం. ఫోర్కులో రెండు పనులు జరగాలి. దెబ్బ తగిలినప్పుడు స్ప్రింగు కుదించుకుని శక్తిని దాచుకోవాలి. ఎంత బలానికి అంత కుదింపు అనేది 1678లో రాబర్ట్ హుక్ ప్రకటించిన సూత్రం. స్ప్రింగు ఒక్కటే ఉంటే సైకిలు బంతిలాగా ఎగురుతూనే ఉంటుంది. కావున ఆ ఊపును చంపేది ఇంకొకటి కావాలి. అదే డ్యాంపింగ్. మంచి ఫోర్కుల్లో ఈ పని ఆయిల్ చేస్తుంది. చవక ఫోర్కుల్లో చాలావరకు గొట్టాల మధ్య రాపిడే చేస్తుంది.

ఈ రెంటికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఆయిల్ అడ్డుకునే బలం వేగాన్ని బట్టి ఉంటుంది. కదలిక ఆగితే ఆ బలం సున్నా. అప్పుడు స్ప్రింగు తన చోటికి తాను రాగలదు. పొడి రాపిడి అలా కాదు. కదలిక ఆగినా అది పట్టు వదలదు. స్ప్రింగు బలం ఆ రాపిడి కంటే తక్కువైన చోట ఫోర్కు ఆగిపోతుంది. అలా సగం కుంగి ఉన్న ఫోర్కుకు తర్వాతి గుంత తగిలితే మింగడానికి మిగిలిన దూరం తక్కువ. చక్రం నేలను అంటి ఉండలేదు. నేను మలుపులో జారడానికి కారణం అదే.

మూడు లోపాలు, మూడు కారణాలు

మర్నాడు మా మెకానికల్ మిత్రుడితో కలిసి సైకిలును వరసగా పరీక్షించాను. మొదట లాక్-ఔట్ మీట తెరిచి ఉన్నదో లేదో చూశాం. అది మూసి ఉంటే ఫోర్కు కదలదు. అది లోపం కాదు. తర్వాత ఎడమ కాలు పైన గల ప్రీలోడ్ బిరడా చూశాం. దాన్ని "+" వైపు చివరికంటా తిప్పి ఉంచింది నేనే. అలా చేస్తే మెత్తబడుతుందనుకున్నాను. నిజానికి అది స్ప్రింగును ముందే కొంత నొక్కి ఉంచుతుంది. స్ప్రింగు గట్టితనం మారదు గాని, కదలిక ఆలస్యంగా మొదలవుతుంది. చిన్న గతుకులకు కదలకపోవడంలో నా వంతు తప్పు అది. దాన్ని వెనక్కు తిప్పేశాను. ఇక్కడే ఇంకో మాట. చాలా చవక ఫోర్కుల్లో స్ప్రింగు ఒక కాలులోనే ఉంటుంది. రెండో కాలు ఖాళీగా తోచినంత మాత్రాన మోసం జరిగిందని అనుకోరాదు.

రెండవది "టక్" శబ్దం. ముందు బ్రేకు నొక్కి పట్టుకుని సైకిలును ముందుకూ వెనక్కూ ఊపాలి. హ్యాండిల్ బేరింగు కప్పు మీద వేలు పెట్టి చూస్తే, వదులు అక్కడ ఉంటే వేలికే తెలుస్తుంది. హ్యాండిల్‌ను పక్కకు తిప్పి ఊపినా అది తగ్గదు. పై గొట్టం కింది గొట్టంలోకి దిగే చోట వదులు ఉంటే బుష్‌ల లోపం. డిస్క్ బ్రేకు ప్యాడ్లు కూడా కొద్దిగా ఆడతాయి. దాన్ని చూసి పొరపడకూడదు. నా సైకిలులో వదులు బేరింగు దగ్గరే ఉంది. అంటే దుకాణంలో బిగింపు సరిగా జరగలేదు. స్టెమ్ పక్క బోల్టులు రెండూ వదులు చేసి, పై మూత బోల్టు వదులు పోయేటంత వరకే బిగించి, మళ్లీ పక్క బోల్టులు బిగించాం. పది నిమిషాల పని. శబ్దం పోయింది.

మూడవది, ఫోర్కు పట్టేయడం. అది మాత్రం పోలేదు. ముందు చక్రాన్ని గాలిలోకి ఎత్తి చూసినా, నొక్కి వదిలిన ఫోర్కు ఇంకా 10 మిల్లీమీటర్లు బయటికి రావాల్సి ఉండగానే ఆగిపోతోంది.

మెస్సు కాటా సాక్ష్యం

ఈ పట్టేయడాన్ని కొలవడం ఎలా? మెస్సులో బియ్యం తూచే ఎలక్ట్రానిక్ కాటా గుర్తొచ్చింది. మెస్సు అన్నను బతిమాలి మధ్యాహ్నం గంటసేపు తీసుకున్నాం. కాటా మీద ముందు చక్రం, అంతే ఎత్తు పలక మీద వెనుక చక్రం పెట్టాం. ఫోర్కు గొట్టం మీద పూర్తి పొడవు నుంచి 30 మిల్లీమీటర్లు కుదింపు అయ్యే చోట గుర్తు పెట్టాం. ఒకరు సైకిలును నిలువుగా పట్టుకోవాలి, ఒకరు హ్యాండిల్‌ను నెమ్మదిగా నొక్కాలి, ఇంకొకరు కాటా చూడాలి.

నొక్కుతూ ఆ గుర్తు దాటేటప్పుడు కాటా 38 కిలోలు చూపింది. ఇంకా కిందికి నొక్కి, నెమ్మదిగా వదులుతూ అదే గుర్తు దాటేటప్పుడు 14 కిలోలు. ఐదుసార్లు చేసి తీసిన సగటు ఇది. నొక్కేటప్పుడు మనం స్ప్రింగునూ రాపిడినీ రెంటినీ గెలవాలి. వదిలేటప్పుడు రాపిడి స్ప్రింగుకు అడ్డుపడుతుంది. కనుక రెండు అంకెల తేడాలో సగమే రాపిడి. అంటే 12 కిలోలు!

అదే మోడలు సైకిలు పక్క బ్లాకులో ఒకరి దగ్గర ఉంది. దాన్నీ తెచ్చి తూచాం. నొక్కేటప్పుడు 28, వదిలేటప్పుడు 22. రాపిడి 3 కిలోలు. రెండింటి సగటులూ దాదాపు ఒకటే: 26, 25. కనుక స్ప్రింగు మంచిదే. దోషం గొట్టాల అమరికలోనో బుష్‌లలోనో ఉంది. అది తొక్కితే సర్దుకునేది కాదు, నేను తొక్కి తెచ్చిందీ కాదు.

మళ్లీ దుకాణానికి

ఈసారి కేకలు వేయలేదు. బిల్లు, అంకెలు రాసిన కాగితం, సెల్‌ఫోన్‌లో తీసిన వీడియో పట్టుకుని వెళ్లాను. ముందుగా, "ప్రీలోడ్ విషయంలో పొరపాటు నాదేనండీ" అని ఒప్పుకున్నాను. ఆ ఒక్క మాటతో యజమాని ముఖం కొంత మెత్తబడింది. బేరింగు బిగింపు సంగతి చెబితే లోపలి నుంచి పెద్ద మేస్త్రీని పిలిచారు. ఆయన కాగితం చూడలేదు. రెండుసార్లు హ్యాండిల్ నొక్కి వదిలి, "ఇది పట్టేస్తంది బాబూ, కంపెనీకి పంపాల" అన్నాడు. మా గంట ప్రయోగం ఆయన చేతికి రెండు నొక్కుల పని! ఐతే ఆ చెయ్యి మనకు లేదు గనుక మనకు కాటా కావాలి.

పందొమ్మిది రోజులకు వారంటీ కింద కొత్త ఫోర్కు వచ్చింది. పైసా తీసుకోలేదు.

ఒకవేళ వారు ఒప్పుకోకపోతే? 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై 20 నుంచి అమల్లో ఉంది. 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చెప్పవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోగా వెళ్లవచ్చు. ఐదు లక్షల రూపాయల లోపు వస్తువుకు రుసుము లేదు. వకీలు లేకుండా మనమే వాదించుకోవచ్చు. అక్కడైనా అడిగేది ఆధారమే.

మిత్రులకు నాలుగు మాటలు

ఒకటి: కొత్త సైకిలు కొన్న రోజునే, దుకాణం ముందే ఫోర్కును పదిసార్లు నొక్కి వదలండి; పూర్తిగా తిరిగి రావాలి. రెండు: పట్టేసిన ఫోర్కు మీద ఇంజన్ ఆయిల్, కిరసనాయిలు పోయకండి, లోపలి గ్రీజు, సీళ్లు పాడవుతాయి. మూడు: వారంటీ ఉండగా ఫోర్కును మీరే విప్పకండి, విప్పితే దోషం మీ మీదికి వస్తుంది. నాలుగు: అది బాగయ్యేవరకు కొండ దిగకండి. సైకిలు మళ్లీ కొనుక్కోవచ్చు.

లేబరేటరీలో స్ప్రింగు ప్రయోగం మనమందరం చేసినవాళ్లమే. రికార్డులో గ్రాఫు గీసి, సంతకం పెట్టించుకుని మరచిపోయాం. ఆ ప్రయోగం నాకు నిజంగా అర్థమైంది మాత్రం మెస్సులో, బియ్యం బస్తాల మధ్య. మనకు ఎదురయ్యే ప్రతి తగాదాలోనూ ఎంత మన తప్పు, ఎంత ఎదుటివారి తప్పు అని విడదీసి తూచే కాటా ఒకటి ఉంటుంది. దాన్ని వెతికి తెచ్చుకోగలగడమే చదువుకున్నందుకు ఫలితమని నేననుకుంటున్నాను.